రోహ్‌తాంగ్ తొలి మంచు

నవంబరు మంచును తేలిగ్గా తీసుకోకూడదని నాకు నేర్పింది ఒక గొయ్యి. 1986లో రోడ్డు పని మీద మనాలీ పైన ఉన్నాను. డిసెంబరు మొదట్లో, ఎండ తగలని ఒక వాలు మీద మోకాలి పైదాకా మంచు తవ్వాం. పైపొర గాలికి బిగుసుకుని పారకు ఖణేల్‌మంది. అడుగున జానెడు మందాన మాత్రం అచ్చం పంచదారే. గుప్పెట్లో పట్టి ఎంత నొక్కినా ముద్ద కట్టలేదు, వేళ్ల సందుల్లోంచి జలజలా రాలిపోయింది. శ్రీకాకుళం నుంచి వెళ్లినవాణ్ణి, అప్పటిదాకా మంచంతా ఒకటే అనుకున్నాను.

కారణం తెలిశాక భయం వేసింది. తొలి మంచు పల్చగా పడుతుంది. కింద నేలలో వేసవి వెచ్చదనం ఇంకా మిగిలే ఉంటుంది, పైన మబ్బు లేని రాత్రి చలి. ఆ తేడాకు అడుగు మంచు ఆవిరై పైకి లేచి, పక్క రేణువుల మీద మళ్లీ గడ్డకడుతుంది. అలా ఒకదానికొకటి అంటని పెద్ద పలుకులు తయారవుతాయి. జనవరిలో పడమటి నుంచి వచ్చే వాతావరణ అలజడులు తెచ్చే మంచు బరువంతా వాటి మీదే పడుతుంది. అప్పుడు ఒక్క మనిషి అడుగుకే వాలంతా కదిలిపోవచ్చు.

3,978 మీటర్ల ఎత్తున్న రోహ్‌తాంగ్ కనుమే కులూ నుంచి లాహౌల్‌కు పాత దారి. నవంబరులో మూతపడితే మళ్లీ మే, జూన్ దాకా తెరుచుకునేది కాదు. చలికాలం గడపడానికి కులూ దిగేవాళ్లు, టపా మోసేవాళ్లు ఆ చివరి వారాల్లో కాలినడకన దాటేవారు. చీకటితో బయల్దేరి, మధ్యాహ్నపు గాలి లేవకముందే కనుమ దిగిపోవాలన్నది వాళ్ల కట్టుబాటు. కనుమ అవతలి కోక్సర్‌లో ఒక పెద్దాయన పొయ్యి పక్కన కూర్చోబెట్టి ఇంకో మాట చెప్పాడు: గాలి ఏ వైపు నుంచి వీస్తుందో చూసుకో, అవతలి వాలు మీదికి మంచును మోసేది అదే. నా లెక్కలో అది ఏ యంత్రానికీ తీసిపోని విద్య. ఎంతమందిని కాపాడిందో!

కానీ అడుగున దాగిన పంచదార పొర కంటికి కనబడదు. దాని కోసం గొయ్యి తవ్వాలి, పొరపొరకూ ఉష్ణోగ్రత చూడాలి. మన దేశంలో ఆ పనికి 1969లో మనాలీలో మంచు, మంచుచరియల అధ్యయన సంస్థ పెట్టారు. అయినా ఆ తర్వాత పదేళ్లకు, 1979 మార్చిలో, లాహౌల్‌లో మంచుచరియలు 200 మందికి పైగా ప్రాణాలు తీశాయి.

2020 అక్టోబరు 3న ఆ కనుమ కింద 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచారు. కాలినడకన కనుమ దాటాల్సిన అవసరం తప్పింది, ఆ రోజు నేను నిజంగా ఏడ్చాను. అయితే వాలులు అలాగే ఉన్నాయి. డిసెంబరులో హైదరాబాదు నుంచీ విశాఖ నుంచీ మంచు చూడ్డానికి వెళ్లే పిల్లలకు ఒక్కమాట చెప్పండి: మంచుచరియల హెచ్చరిక చూడకుండా రోడ్డు దిగి వాలు ఎక్కొద్దు, పెద్ద మంచు పడిన మర్నాడు అసలే వద్దు.