దీపాలదిన్నె మీది భిక్షువులు

చరిత్రలో జాడ తెలియకుండా పోయినవారి ప్రస్తావన రాగానే మన దేశంలో నానాసాహెబు పేరు, సుభాష్ చంద్రబోసు పేరు ముందుగా వినిపిస్తాయి. వారికోసం వెదికినవారున్నారు, వాదించినవారున్నారు. ఎవరూ వెదకని అదృశ్యం ఒకటి మన కృష్ణాతీరంలోనే జరిగింది. ధాన్యకటకంలో, అంటే నేటి అమరావతిలో, పదిహేను శతాబ్దాలకు పైగా నిలిచిన బౌద్ధం ఏమైపోయింది? అక్కడి భిక్షువులు ఎటు వెళ్ళారు?

మహాచైత్యం పోవడం వేరు, సంఘం పోవడం వేరు. మన సభల్లో ఈ రెండింటినీ కలిపి మాట్లాడడం పరిపాటి అయింది. చైత్యం విషయంలో రహస్యమేమీ లేదు. పద్దెనిమిదవ శతాబ్దపు చివరి సంవత్సరాల్లో జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్టణం కట్టించాడు. ఇటుకలకోసం, రాళ్ళకోసం పనివారు ఒక దిన్నెను తవ్వారు. ఆ సంగతి విని కాలిన్ మెకంజీ 1797లో వచ్చి చూశాడు. 1816లో తిరిగి వచ్చేసరికి దిన్నె నడుమ కోనేరు తవ్వి ఉంది. చెక్కడపు పలకలు కొన్ని కట్టడాలలోకి చేరాయి, కొన్ని సున్నపు బట్టీలలో కాలిపోయాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసుకు, అక్కడినుండి 1859లో లండనుకు తరలాయి. 1877లో రాబర్ట్ సూయెల్ తవ్వాడు. ఆ తర్వాత ప్రభుత్వమే మిగిలిన మట్టిని ఎత్తించింది. 1881లో జేమ్స్ బర్జెస్ వచ్చేనాటికి అక్కడ ఉన్నది పెద్ద గుంట. ఎవరు, ఏ ఏడు, ఏ అవసరంకోసం అన్నది ఇంత స్పష్టంగా తెలిసిన విధ్వంసం మన చరిత్రలో అరుదు. దాన్ని ‘కాలగర్భంలో కలిసిపోయింది’ అని రాయడం సరికాదు. కాలం రాళ్ళను బట్టీలో వేయదు.

సంఘం కథ అలాంటిది కాదు. ఏడవ శతాబ్దంలో వచ్చిన హ్యూయాన్ త్సాంగ్ ఈ ప్రాంతంలో అనేక విహారాలు పాడుపడ్డాయని, ఇరవై మాత్రం నిలిచి ఉన్నాయని, వాటిలో వేయిమంది వరకు భిక్షువులున్నారని రాశాడు. పూర్వశైల, అపరశైల విహారాలు నిర్మానుష్యమైపోవడానికి ఆయన విన్న కారణం విచిత్రమైనది. కొండదేవత ఒకసారి తోడేలుగా, ఒకసారి కోతిగా మారి భిక్షువులను భయపెట్టిందట! అప్పటికే జనం కారణం మరచి కథ చెప్పుకుంటున్నారన్నమాట.

అయినా దీపం ఆరలేదు. 1182లో కోట వంశపు రాజు రెండవ కేతరాజు బుద్ధునికి గ్రామాలను, అఖండదీపాలను సమర్పించాడు. 1234లో నతవాడి రాజవంశపు ఆడపడుచు బయ్యల కూడా బుద్ధునికి అఖండదీపం పెట్టించింది. ఆ కాలపు శాసనాలలో అఖండదీపమంటే ఒక ఏర్పాటు. దాత గొర్రెలను అప్పగిస్తాడు. వాటిని కాచేవారు ప్రతిదినం కొలత ప్రకారం నేయి తెచ్చి పోస్తారు. వారి తర్వాత వారి పిల్లలు పోస్తారు. అంటే ఆ దీపం వెనుక రాజు ఒక్కడే లేడు. మంద ఉంది, కాపరి ఉన్నాడు, ఒత్తి సవరించే మనిషి ఉన్నాడు. ఆ కాపరి పేరు మనకు రాజు పేరుకంటె తక్కువ విలువైనది కాదు.

కేతరాజు శాసనమున్నది అమరేశ్వరాలయంలోనే. అక్కడి శివుని సన్నిధిలోని స్తంభమే, పక్కనున్న చైత్యంలోని బుద్ధునికి చేసిన దానాన్ని చెబుతున్నది. బౌద్ధం పోవడానికి ‘ఒక రాత్రిలో ఊచకోత’ అని ఒక్కమాటలో కారణం చెప్పే మనవారికి ఈ స్తంభం ఇబ్బంది కలిగిస్తుంది. కలిగించనివ్వాలి. ఎదుటివారి పురాణాన్ని ప్రశ్నించే మనం సొంత పురాణాన్ని అల్లుకోలేం.

చివరి సాక్ష్యం మన గడ్డమీద లేదు. శ్రీలంకలోని గడలాదెనియ శిలాశాసనం, 1344 నాటిది, ధర్మకీర్తి స్థవిరుడు ధాన్యకటకంలో రెండంతస్తుల ప్రతిమాగృహాన్ని బాగుచేయించాడని చెబుతుంది. కాకతీయుల ఓరుగల్లు పతనమై అప్పటికి ఇరవై ఏండ్లు దాటింది. సముద్రం అవతలినుండి వచ్చి బాగుచేయవలసి వచ్చిందంటే స్థానికంగా పోషించే చేతులు తగ్గాయనే మేము భావిస్తున్నాం. ఆ తర్వాత మెకంజీ వచ్చేవరకు 453 ఏండ్లు నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో ఏమి జరిగి ఉంటుంది? వినయపిటకంలోని ఒక నియమాన్ని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఉపసంపద ఇవ్వడానికి మధ్యదేశంలో పదిమంది భిక్షువులు, ప్రత్యంత దేశాలలో కనీసం ఐదుగురు ఉండాలి. గ్రామాల ఆదాయం ఆగితే విహారం చిన్నబోతుంది. ఐదుగురు నలుగురయితే కొత్తవారికి దీక్ష ఇచ్చే వీలుండదు. ఆ నలుగురూ వృద్ధులై వెళ్ళిపోతే సంఘం ముగిసినట్లే. కత్తి దూయనక్కరలేదు. ఆదాయాన్ని మళ్ళించినవారి బాధ్యత దీనివలన తగ్గదు. కాకపోతే అది చాలా నెమ్మదిగా, లెక్కల పుస్తకంలో జరిగే హత్య.

భిక్షువులకు సంతానం లేదు. ఉపాసకులకు ఉంది. చైత్యానికి పువ్వులు తెచ్చినవారు, నేయి పోసినవారు, రాయి చెక్కినవారు ఎక్కడికీ పోలేదు. ఊళ్ళోనే ఉన్నారు. వారి పిల్లలను ఏ పేరుతో పిలిచారు, ఊరికి ఏ దిక్కున ఉంచారు? డాక్టర్ అంబేడ్కర్ 1948లో ‘ది అన్‌టచబుల్స్’ గ్రంథంలో వేసిన ప్రశ్న ఇదే. బౌద్ధాన్ని విడువక ఊరి వెలుపల మిగిలినవారే అంటరానివారుగా మారారని ఆయన ప్రతిపాదించారు. ఆధారాల గొలుసులో కొన్ని లంకెలు లేనిచోట ఊహతో కలపవలసి వచ్చిందని, తనదే తుదిమాట అనడంలేదని ఆయనే ముందుమాటలో స్పష్టం చేశారు. ఆ సిద్ధాంతాన్ని వల్లించేవారు ఆ ముందుమాటను కూడా చదవాలని మా మనవి.

మెకంజీ వచ్చేనాటికి ఆ ఊరివారికి బుద్ధుని పేరు తెలియదు, చైత్యమన్న మాట తెలియదు. తవ్వుతున్న ఆ దిన్నెను మాత్రం వారు దీపాలదిన్నె అని పిలిచేవారు.