చవక విమానాలూ, జీడిపప్పు బద్దలూ

పోయిన నెల మా ప్రాజెక్టులో కొత్తగా చేరిన కుర్రాడొకడు లంచ్ టైములో అడిగాడు. "అన్నా, ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్ విమానాల కిట్లు చవగ్గా దొరుకుతున్నాయి. కొనొచ్చా, లేక డబ్బులు దండగా?" నా డెస్కు మీదున్న మిగ్-21 బొమ్మని చూసి అడిగాడన్నమాట. కొనమనో వద్దనో ఒక్క మాటలో చెప్పేద్దామనుకున్నాను గానీ, ఇది ఒక్క మాటతో తేలే వ్యవహారం కాదు. దీని వెనక ఎనభై తొంభై ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో మన వాటా కూడా కాస్త ఉంది.

ముందు మా ఊరి సంగతి చెప్పాలి. మాది వేటపాలెం. జీడిపప్పుకీ, చేనేతకీ, 1918లో పెట్టిన సారస్వత నికేతనం లైబ్రరీకీ పేరు గానీ విమానాలకి కాదు. కాకపోతే బాపట్ల దగ్గర సూర్యలంకలో ఎయిర్‌ఫోర్స్ స్థావరం ఉంది. సముద్రం మీదికి క్షిపణులు పేల్చి చూసుకునేది అక్కడే. చిన్నప్పుడు పైన ఉరుమినట్టు చప్పుడైతే చాలు, "మిగ్గురా!" అని ఒకడు, "కాదెహె, జాగ్వారు" అని ఇంకొకడు. పందాలు కూడా కాసేవాళ్ళం. నిజానికి ఎవడికీ ఏదీ తెలీదు. మాకు తెలిసిన విమానమల్లా తిరణాలలో కొన్న రేకు బొమ్మే. దానికి ఏ దేశమూ లేదు, ఏ పేరూ లేదు.

పైన పోతున్న విమానం ఎవరిదో తెలియకపోవడం మాకు ఆట. మా తాతల కాలంలో అది ఆట కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్ళ ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. అదే వారంలో బంగాళాఖాతంలో ఇరవైకి పైగా వర్తక నౌకలు మునిగాయి. విశాఖ నుంచి మద్రాసు దాకా కోస్తా అంతా భయం, పట్నాలు ఖాళీ చేసి జనం పల్లెలకి పోవడం. ఒడ్డున నిలబడి తలెత్తి చూసేవాడికి వచ్చేది మనదో వాళ్ళదో తెలిసే దారేదీ?

సరిగ్గా ఈ ప్రశ్నకి జవాబుగానే అదే 1942లో అమెరికా నౌకాదళం ఓ పథకం పెట్టింది. హైస్కూలు పిల్లల చేత ఐదు లక్షల చెక్క విమానాలు చెక్కించాలని. సైనికులు వాటిని దూరం నుంచి చూసి, నీడని బట్టి ఇది ఫలానాదని గుర్తుపట్టడం నేర్చుకోవాలి. వాటి కొలత 1:72. అంటే అసలు విమానంలో ఆరడుగులు, బొమ్మలో ఒక అంగుళం. ఇవాళ మీరు కొనే చవక కిట్టు పెట్టె మీద ఉండే 1/72 కూడా ఆ కొలతే. (మనదగ్గర కొండపల్లిలో అంత మంచి తెల్ల పొణికి చెక్క పెట్టుకుని ఒక్క బాంబరు కూడా చెక్కించుకోలేదేమో కదా అని నాకో వెర్రి ఆలోచన వస్తుంటుంది!)

ప్లాస్టిక్ సంగతికొస్తే, ఇంగ్లండులో ఫ్రాగ్ అనే కంపెనీ 1936లోనే పెంగ్విన్ పేరుతో ఇలాంటి కిట్లు అమ్మింది. కానీ వీటిని అందరి చేతుల్లోకీ తెచ్చింది ఎయిర్‌ఫిక్స్. 1939లో నికొలస్ కోవ్ అనే హంగరీ శరణార్థి లండన్‌లో పెట్టిన కంపెనీ అది. మొదట గాలి ఊదే రబ్బరు బొమ్మలు, తర్వాత దువ్వెనలు చేశారు. యాభైలలో వూల్‌వర్త్స్ దుకాణాల కోసం గోల్డెన్ హైండ్ అనే ఓడ కిట్టు తయారుచేశారు. ధర రెండు షిల్లింగులు దాటకూడదన్నారు. పెట్టెలో పెడితే ఆ ధరకి గిట్టదు. అందుకని పాలిథీన్ సంచిలో ముక్కలు పోసి, పైన కాగితం మడిచి కొట్టారు. ఆ తర్వాత స్పిట్‌ఫైర్ వచ్చింది. అదీ రెండు షిల్లింగులే.

ఇక్కడొక సంగతి గమనించాలి. మనం అనుకున్నట్టు ఖరీదైన మంచి కిట్లు ముందొచ్చి, వాటికి నాసిరకం చవక నకళ్ళు తర్వాత రాలేదు. ఈ హాబీ జనంలోకి వచ్చిందే చవక సంచిలో. చెక్కిన రెక్కలూ, ఇత్తడి రేకు మీద గీసిన మీటర్లూ, మూడు రోజుల జీతం ధరా, ఇవన్నీ తర్వాత వచ్చి చేరినవి.

చవక కాబట్టి పిల్లలు కొన్నారు. పిల్లలు కొన్నారు కాబట్టి ఏ విమానం అచ్చు పోస్తే ఆ దేశపు కథే వాళ్ళ బుర్రల్లోకి ఎక్కింది. ఇది బాగా తెలిసినవాళ్ళు రష్యావాళ్ళు. డెబ్భైలలో ఫ్రాగ్ మూతబడ్డాక దాని అచ్చులు చాలామటుకు సోవియట్ యూనియన్‌కి పోయాయి. నోవో అన్న పేరుతో అక్కడ అచ్చేసి అమ్మారు. కానీ జర్మనీ, జపాన్, ఇటలీ విమానాల అచ్చులు మాత్రం వాళ్ళకి అక్కర్లేదు. అవి రెవెల్ కంపెనీకి చేరాయి. బొమ్మలే కదా అని మనం తీసిపారేస్తాం గానీ, రెండో ప్రపంచ యుద్ధంలో అంతమందిని పోగొట్టుకున్న దేశం బొమ్మల్లో కూడా శత్రువు విమానాన్ని పిల్లల చేత అతికించదల్చుకోలేదు.

మరి మన సంగతి? ఐటీ వాళ్ళం కాబట్టి మనకి బాగా అర్థమయ్యే సంగతి చెప్తాను. 2006లో హార్న్‌బీ కంపెనీ ఎయిర్‌ఫిక్స్‌ని కొన్నది. ఆ తర్వాత కొన్నేళ్ళకి వచ్చిన చాలా కొత్త కిట్ల మీద "మేడిన్ ఇండియా" అని ఉంటుంది. అంటే ఇంగ్లండు పిల్లాడి స్పిట్‌ఫైర్ ఇక్కడ అచ్చయి అక్కడికి పోయింది. పక్కా ఆఫ్‌షోర్ డెలివరీ! రిక్వైర్‌మెంట్స్ వాళ్ళవి, కథ వాళ్ళది, చెయ్యి మనది. (తర్వాత కొన్నిటి తయారీ మళ్ళీ ఇంగ్లండుకి తీసుకుపోయారు. ఈ ముక్క కూడా మనకి తెలిసిన కథే.)

నేను ఆన్‌సైట్‌లో ఉన్నప్పుడు ఓ చిన్న షాపులో ఎయిర్‌ఫిక్స్ వారి నాట్ కనబడింది. రంగులూ, జిగురూ, బ్రష్షూ అన్నీ అందులోనే. నాట్ అంటే మనవాళ్ళ హీరో కదా! 1965లో పాకిస్తాన్ సేబర్లని ఎదుర్కొన్న విమానం. 1971 నవంబరు 22న బొయ్రా మీద గెలిచిన విమానం. డిసెంబరు 14న శ్రీనగర్ మీద నిర్మల్‌జిత్ సింగ్ శెఖోన్ ఒంటరిగా పోరాడి ప్రాణమిచ్చింది ఇందులోనే. మన వాయుసేనకి వచ్చిన ఒకే ఒక్క పరమవీర చక్ర అది. వెంటనే కొనేసి, ఊరికొచ్చినప్పుడు మా మేనల్లుణ్ణి కూర్చోబెట్టుకుని మొదలుపెట్టాను.

సగం అతికించాక వాడే అడిగాడు. "మావయ్యా, ఇందులో సీట్లు రెండున్నాయేంటి?"

నిజమే, రెండున్నాయి. తప్పు నాదే, పెట్టె మీద స్పష్టంగానే వేసుంది. బ్రిటిష్ వాయుసేన ఒంటి సీటు నాట్‌ని యుద్ధవిమానంగా తీసుకోలేదు. రెండు సీట్ల శిక్షణ విమానంగా తీసుకుంది. 1965లో మొదలైన రెడ్ యారోస్ విన్యాసాల జట్టు 1979 దాకా ఎగిరింది వాటి మీదే. ఎయిర్‌ఫిక్స్ వాళ్ళు తమ దేశం నాట్‌ని బొమ్మ చేశారు, అంతే. యుద్ధం చేసిన ఒంటి సీటు నాట్ మనది. అది కావాలంటే స్పెషల్ హాబీ అనే చెక్ కంపెనీ దాకా పోవాలి. వాళ్ళు నాట్‌నీ, దాని తర్వాత హెచ్ఏఎల్ చేసిన అజీత్‌నీ కూడా తెచ్చారు. కానీ అది పిల్లాడి చేతికిచ్చే ధరా కాదు, పిల్లాడు చెయ్యగలిగే పనీ కాదు.

మారుత్ సంగతి మరీ ఘోరం. కుర్ట్ టాంక్ అనే జర్మన్ ఇంజనీరు రెండో ప్రపంచ యుద్ధంలో ఫాకే వుల్ఫ్ 190 డిజైన్ చేశాడు. ఆ విమానం కిట్టు ప్రపంచంలో ఏ మూలైనా చవగ్గా దొరుకుతుంది. అదే మనిషి 1956లో బెంగళూరొచ్చి మన హెచ్ఏఎల్‌లో హెచ్ఎఫ్-24 మారుత్ చేశాడు. 1961 జూన్ 17న ఎగిరింది. మొత్తం 147 తయారయ్యాయి, 1971 యుద్ధంలో రాజస్థాన్ వైపు దాడులకి వెళ్ళాయి. ఆ మారుత్ చవక కిట్టు కోసం నేనెన్ని షాపులు తిరిగినా కనబడలేదు.

ఇంత గోలెందుకు, తప్పు విమానం కొన్నావు కాబట్టి డబ్బులు దండగే కదా అంటారా? కాదు. నాట్ పూర్తయ్యాక దాని పక్కన సేబరూ, మిగ్-21 పెట్టాం. అన్నీ చవకవే, అన్నీ 1/72. ఒంటి సీటు నాట్ ఈ కొలతలో పన్నెండు సెంటీమీటర్ల పొడుగుంటుంది. మా రెండు సీట్లది ఇంకాస్త ఎక్కువ. అయినా సేబర్ పక్కన కోడి పక్కన పిల్లలా ఉంది. సేబర్ రెక్కలు కొస నుంచి కొసకి పదహారు సెంటీమీటర్లకి దగ్గర, నాట్ యుద్ధవిమానానివి తొమ్మిదిన్నర కూడా లేవు. గాల్లో గంటకి ఎనిమిదొందల కిలోమీటర్ల వేగంతో పోతూ అంత చిన్నదాన్ని వెతికి పట్టుకోవడం ఎంత కష్టమో పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా నాకెక్కలేదు. బల్ల మీద చూడగానే ఎక్కింది. ఖరీదైన కిట్టు తెస్తే కొలతలేమీ మారవు. పైగా పాడవుతుందేమోనన్న భయంతో బీరువాలోనే ఉంటుంది. నా దగ్గర అలాంటివి నాలుగున్నాయి, ఐదేళ్ళుగా :)

మేం జిగురు పూస్తుంటే మా పెదనాన్న వచ్చి చూశాడు. జీడిపప్పు వ్యాపారంలో తల నెరిసిన మనిషి. "ఏందిరా అబ్బాయ్, ఈ వయసులో బొమ్మలాటా?" అన్నాడు. చవకవి కొంటే తప్పా అని ఆయన్నే అడిగాను. "పాయసంలో పడ్డాక గుండేంది, బద్దేంది? పుచ్చుది పడకుండా చూసుకో, అంతే" అన్నాడు.

పుచ్చువీ ఉన్నాయి మరి. పేరు చెప్పను గానీ, ఒకసారి మరీ చవగ్గా వచ్చిందని ఒకటి తెప్పించాను. రెండు సగాలూ కలవవు. అద్దం ముక్క పాలలా తెల్లగా ఉంది. అంటించే గుర్తులు నీళ్ళలో వెయ్యగానే పొడిపొడి. పెట్టె కొత్తదే, బొమ్మ కొత్తదే, లోపల అచ్చు మాత్రం అరవైల నాటిది. పాత కోబాల్ మీద కొత్త వెబ్ పేజీ తగిలించినట్టు. కొనేముందు ఆ అచ్చు మొదట ఏ సంవత్సరంలో చేశారో వెతికి చూసుకోండి. దొరుకుతుంది. ముక్కలు తక్కువున్నది, రెక్కలు కింద ఉన్నది ఎంచుకోండి. బ్లేడు పిల్లల చేతికివ్వకండి, జిగురు వాసనకి కిటికీ తీసి ఉంచండి.

2024 మార్చి 18న మా జిల్లాలోనే, అద్దంకి దగ్గర కొరిశపాడులో హైవే మీద కట్టిన రన్‌వేని ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు పరీక్షించారు. నాలుగు కిలోమీటర్ల పైన పొడుగున్న కాంక్రీటు రోడ్డది. సుఖోయ్‌లు, హాక్‌లు కిందికొచ్చి దిగకుండానే లేచిపోయాయి. డోర్నియరూ, ఇంకో పెద్దదీ దిగాయి. నేను హైదరాబాదులో ఉన్నాను, మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, పెద్దది ఏఎన్-32. ఇంజన్లు రెక్కల పైన ఉన్నాయి, చూడగానే చెప్పేశా. పక్కనాయన బోయింగన్నాడు!"

వాడిప్పుడు దాని కిట్టు కావాలంటున్నాడు. చవగ్గా ఎక్కడైనా దొరికితే చెప్పండి.