క్యాంపర్ ట్రైలర్‌లో టూర్ వెళ్తున్నారా? గ్యాస్ విషయంలో ఈ తప్పులు చేస్తే ప్రాణాలకే ముప్పు!

అమెరికాలో సమ్మర్ సెలవులు వస్తే చాలు.. ఎల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్ లాంటి నేషనల్ పార్కులకు ఫ్యామిలీతో ట్రైలర్ అద్దెకు తీసుకుని బయల్దేరే తెలుగువాళ్లు కూడా ఉన్నారు. వంటకు స్టవ్, చలికి హీటర్, వేడినీళ్లు, ఫ్రిజ్.. చాలా ట్రైలర్లలో ఇవన్నీ నడిచేది ప్రొపేన్ గ్యాస్‌తోనే. ఇంట్లో గ్యాస్ వాడిన అనుభవం ఉంది కదా అనుకుంటే పొరపాటే. నాలుగు అడుగుల వెడల్పు నడవ ఉన్న చిన్న గదిలో గ్యాస్ లీకైతే పరిస్థితి వేరుగా ఉంటుంది. అందుకే బయల్దేరే ముందు ఈ విషయాలు తెలుసుకోవాల్సిందే.

ప్రొపేన్ ఎందుకు?

మన ఇళ్లలో వాడే ఎల్పీజీలో ప్రొపేన్, బ్యూటేన్ రెండూ కలిసి ఉంటాయి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం ఆగిపోతుంది. ప్రొపేన్ మాత్రం మైనస్ 42 డిగ్రీల వరకూ ఆవిరవుతుంది. అందుకే మంచు కురిసే చోట కూడా స్టవ్ వెలుగుతుంది. ట్రైలర్లలో ఎక్కువగా కనిపించేది 20 పౌండ్ల సిలిండర్. అంటే దాదాపు 9 కిలోల గ్యాస్. ఎండకు లోపలి ద్రవం వ్యాకోచిస్తుంది కాబట్టి సిలిండర్‌ను 80 శాతం వరకే నింపుతారు. "ఇంకొంచెం పోయండి" అని అడగడం ప్రమాదాన్ని కొనితెచ్చుకోవడమే.

లీకైతే కిందికే చేరుతుంది

ప్రొపేన్ గాలి కంటే సుమారు ఒకటిన్నర రెట్లు బరువు. లీకైన గ్యాస్ పైకి పోదు, నేల మీద పేరుకుంటుంది. అందుకే ట్రైలర్‌లో గ్యాస్ డిటెక్టర్‌ను నేలకు దగ్గరగా బిగిస్తారు. అక్కడ బ్యాగులు, చెప్పులు అడ్డం పెట్టకూడదు. చాలా డిటెక్టర్లు ట్రైలర్ బ్యాటరీ మీదే పనిచేస్తాయి. బ్యాటరీ డౌన్ అయితే అలారం కూడా మోగదు. డిటెక్టర్‌కు కాలపరిమితి ఉంటుంది, దాని మీద ముద్రించిన తేదీ చూసుకోవాలి. పోపు పెట్టినప్పుడు, హెయిర్ స్ప్రే కొట్టినప్పుడు అలారం మోగుతోందని వైరు పీకేయడం చాలా ప్రమాదకరం. కిటికీలు తెరిస్తే సరిపోతుంది.

చలికి స్టవ్ వెలిగించి పడుకోవద్దు

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. రాత్రి చలిగా ఉందని కిటికీలు మూసేసి, స్టవ్ వెలిగించి నిద్రపోతే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ స్థానాన్ని ఇది ఆక్రమిస్తుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం దీని లక్షణాలు. జలుబో, ప్రయాణ బడలికో అనుకుని పడుకుంటే మళ్లీ లేవకపోవచ్చు. ఒకేసారి ఇంటిల్లిపాదికీ తలనొప్పి వచ్చిందంటే వెంటనే బయటికి వచ్చేయాలి.

ట్రైలర్‌లో అమర్చిన ఫర్నేస్ పొగను బయటికి పంపేలా తయారవుతుంది. స్టవ్‌కు ఆ ఏర్పాటు ఉండదు. కాబట్టి వంట చేసేటప్పుడు పైకప్పు వెంట్ తెరిచి, ఒక కిటికీ కాస్త తీసి ఉంచాలి. మంట నీలంగా కాకుండా పసుపుగా వస్తుంటే గాలి సరిగా అందట్లేదని అర్థం. బొగ్గుల కుంపటి, బార్బెక్యూ లోపలికి తేవొద్దు. పడుకునే చోట కార్బన్ మోనాక్సైడ్ అలారం కచ్చితంగా ఉండాలి.

బయల్దేరే ముందు ఇవి చూసుకోండి

* సిలిండర్ బయటే, నిలువుగా, కదలకుండా బిగించి ఉండాలి. ట్రైలర్ లోపల ఎప్పుడూ పెట్టకూడదు.
* సిలిండర్ మెడ మీద తయారీ తేదీ ఉంటుంది. 12 ఏళ్లు దాటితే మళ్లీ పరీక్ష చేయించకుండా నింపించకూడదు.
* పైపు, రెగ్యులేటర్ జాయింట్ల దగ్గర సబ్బునీళ్లు రాసి చూడాలి. బుడగలు వస్తే లీకున్నట్టే. అగ్గిపుల్లతో పరీక్షించడం అస్సలు వద్దు.
* వాల్వ్ మెల్లగా తిప్పాలి. ఒక్కసారిగా తెరిస్తే భద్రతా పరికరం గ్యాస్‌ను ఆపేయొచ్చు.
* పెట్రోల్ బంక్‌లోకి వెళ్లే ముందే గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్, వాటర్ హీటర్ ఆపేయాలి. వాటిలో మంట వెలుగుతూ ఉంటుంది.
* దారిలో టన్నెళ్లు ఉంటే రూల్స్ ముందే చూసుకోవాలి. బాల్టిమోర్ హార్బర్ టన్నెల్, ఫోర్ట్ మెక్‌హెన్రీ టన్నెళ్లలో 10 పౌండ్లకు మించిన ప్రొపేన్ సిలిండర్లతో వెళ్లనివ్వరు.

వాసన వచ్చినా, అలారం మోగినా..

ప్రొపేన్‌కు సహజంగా వాసన ఉండదు. లీకైతే తెలియాలని కుళ్లిన గుడ్ల లాంటి వాసన వచ్చే రసాయనం కలుపుతారు. ఆ వాసన వస్తే మంటలు ఆర్పేయాలి. లైటు, ఫ్యాను స్విచ్‌లు వేయొద్దు, ఆపొద్దు. తలుపు తీసి పిల్లలు, పెద్దలతో సహా అందరూ దూరంగా వెళ్లిపోవాలి. వీలైతేనే సిలిండర్ వాల్వ్ కట్టేయాలి. ఫోన్ కూడా దూరం వెళ్లాకే తీసి 911కి చేయాలి. ఇండియాలో అయితే గ్యాస్ లీకేజీ ఎమర్జెన్సీ నంబర్ 1906.

వాసన పోయింది కదా అని మళ్లీ వెలిగించొద్దు. మెకానిక్ చూసి లీకు సరిచేశాకే వాడాలి. ట్రైలర్ అద్దెకు తీసుకునేటప్పుడే సిలిండర్ వాల్వ్ ఎక్కడుందో, రెండు అలారాలు పనిచేస్తున్నాయో లేదో యజమాని చేత చూపించుకోవాలి. టూర్‌కు వచ్చే పెద్దవాళ్లందరికీ వాల్వ్ కట్టేయడం తెలిసి ఉండాలి.