కాన్పు పేరు పెట్టుకున్న విటమిన్

సూదితో పొడిచి ముఖానికి రాసుకుంటాం, తలనూనెలో పిండుకుంటాం కదా, ఆ పచ్చరంగు విటమిన్ ఇ క్యాప్సూల్, దానికి ఇంకో పేరుంది: టోకోఫెరాల్. గ్రీకు భాషలో టోకోస్ అంటే కాన్పు, ఫెరైన్ అంటే మోయడం. అందానికి వాడుకునే మాత్రకి కాన్పు పేరెందుకు పెట్టారా అని వెతకబోతే పెద్ద కథే దొరికింది.

1922లో అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో హెర్బర్ట్ ఇవాన్స్, కేథరిన్ స్కాట్ బిషప్ అనే ఇద్దరు ఎలుకల మీద పరిశోధన చేస్తున్నారు. కేథరిన్ డాక్టరు చదువు చదివి, అక్కడ శరీర నిర్మాణ శాస్త్రం చెప్పేది. ఎలుకలకి వాళ్లు పెట్టింది శుద్ధి చేసిన తిండి. పాల నుంచి తీసిన కేసిన్, మొక్కజొన్న గంజిపొడి, పందికొవ్వు, వెన్న, లవణాలు. ఎలుకలు చక్కగా పెరిగాయి, జత కట్టాయి, కడుపుతో కూడా ఉన్నాయి. కానీ పిల్లలు మాత్రం పుట్టలేదు. సగంలోనే చనిపోయి లోపలే కరిగిపోయేవి. పైకి చూస్తే తల్లికి ఏ జబ్బూ లేదు.

లెట్యూస్ ఆకులు పెట్టి చూశారు. పిల్లలు పుట్టాయి! అప్పట్లో బలానికి మారుపేరైన కాడ్ లివర్ ఆయిల్ ఇస్తే మాత్రం లాభం లేకపోయింది. గోధుమలు పనిచేశాయి. గోధుమలో ఏ భాగమా అని చూస్తే, మొలక వచ్చే ఆ చిన్న భాగం. పిండి మరలో మైదా తెల్లగా రావాలని తీసిపారేసేది సరిగ్గా దాన్నే. ఈ తెలియని వస్తువుకి మొదట 'ఎక్స్' అని పేరు పెట్టారు. ఎ, బి, సి, డి అప్పటికే అయిపోయాయి కాబట్టి 1924లో బార్నెట్ సూర్ అనే ఆయన 'ఇ' అన్నారు. 1936లో గోధుమ మొలక నూనె నుంచి దాన్ని శుద్ధంగా విడదీసిన వాళ్లలో గ్లాడిస్ ఆండర్సన్ ఎమర్సన్ అనే మరో మహిళ ఉంది. కేథరిన్ అప్పటికే ఆ పరిశోధన వదిలేసింది, తర్వాత మత్తు డాక్టరుగా పనిచేసింది. ఇవాన్స్ పేరు చెప్పినంతగా ఈ ఇద్దరి పేర్లూ ఎవరూ చెప్పరు. నాకైతే ఆశ్చర్యం వెయ్యలేదు.

ఇంతకీ అది చేసే పనేమిటి? మన వంటింట్లో రోజూ చూసేదే. నూనె సీసా మూత తీసి వదిలేస్తే కొన్నాళ్లకి వాసన కొడుతుంది. గాలిలోని ఆక్సిజన్ తగిలి కొవ్వు పాడవుతుంది, పాడైన కణిక పక్కదాన్నీ పాడుచేస్తుంది, అలా గొలుసులా సాగుతుంది. ఒంట్లో కణాల పొరలు కూడా కొవ్వుతో చేసినవే. విటమిన్ ఇ మధ్యలో దూరి, తాను ఖర్చయిపోయి, ఆ గొలుసు తెంపుతుంది. దానికీ గుణం ఉందని 1937లో చూపించారు. యాంటీఆక్సిడెంట్ అంటే ఇదే, ఇంత పెద్ద మాట చూసి భయపడక్కర్లేదు.

ఈ కథలో నన్ను ఆపేసింది మగ ఎలుకల సంగతి. విటమిన్ ఇ లేని తిండి పెడితే వాటి వృషణాలు క్షీణించి సంతానశక్తి పోతుందని 1925 నాటికే తెలిసింది. ఆడ ఎలుకకి మళ్లీ విటమిన్ ఇస్తే మళ్లీ కడుపు నిలుస్తుంది. మగవాటికి ఒకసారి బాగా దెబ్బతిన్నాక ఎంత ఇచ్చినా తిరిగి రాలేదు! వీర్యకణం పొరలో ఇట్టే పాడయ్యే సున్నితమైన కొవ్వులు ఎక్కువ. పైగా అది మరీ చిన్న కణం, లోపల రక్షణ సరుకు దాచుకోవడానికి చోటు లేదు.

మా ఆడపడుచు కూతురికి పెళ్లై నాలుగేళ్లు. పేరంటానికి వెళ్తే "ఏమైనా విశేషమా?" అనే ప్రశ్న, ఇంటికొస్తే కషాయాలు. ఒకరు తెచ్చిన పొడి డబ్బా ఖరీదు వింటే నాకే గుండె ఆగినంత పనైంది. ఈ నాలుగేళ్లలో అల్లుడికి ఒక్క పరీక్షైనా చేయించారా అంటే లేదు. మాట ఎత్తితేనే వాళ్ల అత్తగారు లేచి లోపలికి వెళ్లిపోతారు.

అలాగని అల్లుడి చేతిలో ఒక డబ్బా పెట్టమని నేననను. గర్భస్రావాలు ఆగుతాయని 1930ల నుంచే ఆడవాళ్లకి విటమిన్ ఇ ఇచ్చి చూశారు, తర్వాతి పరీక్షల్లో ఆ ఆశ నిలబడలేదు. మగవాళ్ల సంతాన మాత్రల్లో మామూలుగా ఉండే జింక్, ఫోలిక్ యాసిడ్ కలిపి అమెరికాలో 2,370 జంటల మీద పరీక్షించారు. ఫలితం 2020లో వచ్చింది. మాత్రలు వేసుకున్న జట్టులో 34 శాతం మందికి, ఉత్తుత్తి మాత్రల జట్టులో 35 శాతం మందికి పిల్లలు పుట్టారు. (ఆడవాళ్లకి డాక్టరు రాసే ఫోలిక్ యాసిడ్ సంగతి వేరు, అది బిడ్డ మెదడు, వెన్నుపాము సరిగ్గా ఏర్పడటానికి. ఇది చదివి మానేయకండి.)

ఆ ఎలుకలకి అసలు విటమిన్ ఇ అన్నదే లేకుండా చేశారు. మనుషుల్లో అంత లోపం చాలా అరుదు, వచ్చినా ఎక్కువగా నరాలు దెబ్బతింటాయి. లేనిది ఇస్తే ఎలుక ఈనింది, ఉన్నదాని మీద ఇంకా పోస్తే కడుపు పండుతుందని ఆ ప్రయోగం చెప్పలేదు. పెద్దవాళ్లకి రోజుకి 15 మిల్లీగ్రాములు కావాలని అమెరికా లెక్క. రెండు టేబుల్ స్పూన్ల సన్‌ఫ్లవర్ నూనెలోనే సుమారు 11 ఉంటుంది. వేరుశనగపప్పు, బాదం, ఆకుకూరలు ఎలాగూ ఉండనే ఉన్నాయి. డీప్ ఫ్రై చేసిన నూనెనే మళ్లీ మళ్లీ కాచడం మానేస్తే చాలావరకు పనైపోయినట్టే.

పోయిన వారం ఆ పిల్లకి ఫోన్ చేసి ఈ ఎలుకల కథంతా చెప్పాను. నవ్వింది. "అత్తా, మగ ఎలుకల ముక్క ఒక్కటీ వాట్సాప్‌లో రాసి పెట్టవా, ఆయనకి చూపిస్తాను" అంది. రాసి పంపాను. వచ్చే నెల ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్తున్నారట.