విజ్ఞాన సర్వస్వాన్ని విమర్శతో చదవడం: 2005 నాటి ‘నేచర్’ సమీక్ష

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• వికీపీడియా ఏ పరిస్థితుల్లో రూపొందిందో వివరించగలుగుతారు.
• 2005లో ‘నేచర్’ పత్రిక జరిపిన సమీక్షను, దానిపై వచ్చిన అభ్యంతరాలను విశ్లేషించగలుగుతారు.
• బాహ్య విమర్శ, అంతర్గత విమర్శ సూత్రాలను అంతర్జాల వ్యాసానికి అన్వయించగలుగుతారు.

1. పరిచయం

కొన్నేళ్ల కిందట అసైన్‌మెంట్లు దిద్దుతుండగా ఒక సంగతి నా దృష్టికి వచ్చింది. మెండలీవ్ ఆవర్తన పట్టికను ప్రకటించిన సంవత్సరం 1869. తొమ్మిది మంది విద్యార్థులు మాత్రం 1896 అని రాశారు. అంతర్జాలంలో ఒకే వ్యాసాన్ని చూసి రాశామని తరువాత చెప్పారు. నేను ఆ వ్యాసం తెరిచేసరికి ఎవరో తప్పును సరిదిద్దారు. వ్యాసం బాగుపడింది కాని, తొమ్మిది మందికీ పోయిన మార్కులు పోయినట్లే. తప్పు ఎవరిది? రాసినవారిదా, నమ్మినవారిదా? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకొని ఈ పాఠం చదవండి.

2. సంపాదకుని నుంచి సమూహానికి

అచ్చు విజ్ఞాన సర్వస్వానికి సంపాదకుని పేరే పూచీ. కొమర్రాజు లక్ష్మణరావు (1877–1923) సంపాదకత్వంలో వెలువడిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని తెలుగువారు ఆయన పాండిత్యాన్ని చూసే విశ్వసించారు. అయితే అచ్చులో పడిన తప్పు తరువాతి ముద్రణ వరకు అలాగే ఉండిపోతుంది.

2000 మార్చిలో జిమ్మీ వేల్స్ ‘నూపీడియా’ అనే అంతర్జాల విజ్ఞాన సర్వస్వాన్ని ప్రారంభించారు. దానికి ల్యారీ శాంగర్ ప్రధాన సంపాదకుడు. ప్రతి వ్యాసం నిపుణుల చేతుల్లో ఏడు దశల పరిశీలన దాటాలి. ఆ కట్టుదిట్టం వల్ల పని నత్తనడక నడిచింది. 2003లో మూతపడేనాటికి పూర్తయిన వ్యాసాలు పాతిక దరిదాపుల్లోనే ఉన్నాయి. దీనికి తోడుగా 2001 జనవరి 15న మొదలైనదే వికీపీడియా. ఇందులో ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. ముందు ప్రచురణ, తరువాత పరిశీలన అన్నది దీని పద్ధతి. మొదటి ఏడాది ముగిసేసరికి వ్యాసాలు సుమారు 20 వేలకు చేరాయి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది.

ఈ స్వేచ్ఛకు మరో పార్శ్వం కూడా ఉంది. అమెరికా పత్రికా రచయిత జాన్ సీగెన్‌థేలర్‌కు కెనెడీ హత్యతో సంబంధం ఉన్నట్లు సూచించే అబద్ధం ఒకటి 2005లో ఆయన జీవిత చరిత్ర వ్యాసంలో చేరింది. నెలల తరబడి దానిని ఎవరూ గమనించలేదు.

3. ‘నేచర్’ సమీక్ష

ఈ వివాదం సాగుతుండగానే, 2005 డిసెంబరులో, ‘నేచర్’ తన సమీక్షను ప్రచురించింది. విజ్ఞానశాస్త్ర విషయాలపై వికీపీడియాలోని వ్యాసాలను, ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలోని వ్యాసాలను జతలుగా నిపుణులకు పంపింది. ఏది ఎందులోదో వారికి చెప్పలేదు. ఉపయోగపడే సమీక్షలు 42 అందాయి.

ఫలితాలు ఇవి. తీవ్రమైన తప్పులు రెండింటిలోనూ నాలుగేసి. వాస్తవ దోషాలు, లోపించిన అంశాలు, తప్పుదారి పట్టించే వాక్యాలు కలిపి వికీపీడియాలో 162, బ్రిటానికాలో 123. అంటే సగటున వ్యాసానికి దాదాపు నాలుగు, మూడు. కచ్చితత్వంలో వికీపీడియా బ్రిటానికాకు దగ్గరగా వచ్చిందని ‘నేచర్’ తేల్చింది.

4. బ్రిటానికా అభ్యంతరాలు

2006 మార్చిలో బ్రిటానికా సుదీర్ఘమైన జవాబు ప్రచురించింది. కొన్ని చోట్ల పూర్తి వ్యాసానికి బదులు భాగాలనే సమీక్షకులకు పంపారని, మరికొన్ని చోట్ల తన ఇతర ప్రచురణల్లోని పాఠాన్ని వాడారని ఆరోపించింది. సమీక్షకులు చెప్పినదాన్ని పత్రిక సరిచూడలేదన్నది మరో అభ్యంతరం. 162కూ 123కూ మధ్య తేడా దాదాపు మూడో వంతు కాగా, దాన్ని ‘దగ్గర’ అనడం ఎలా సబబని కూడా అడిగింది. ఏది ఎవరి వ్యాసమో సమీక్షకులకు తెలియదు కనుక పొరపాట్లు ఉన్నా రెండు పక్షాలకూ సమానంగానే వర్తిస్తాయని ‘నేచర్’ బదులిచ్చింది. నివేదికను ఉపసంహరించుకోలేదు.

5. అంకెలు చెప్పేది, చెప్పనిది

ఇక్కడ మూడు విషయాలు గమనించాలి.

మొదటిది, సగటు తేడాలను కప్పేస్తుంది. మెండలీవ్‌పై వ్యాసాలను ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ చరిత్రకారుడు మైకేల్ గోర్డిన్ పరిశీలించారు. వికీపీడియా వ్యాసంలో 19 దోషాలు, బ్రిటానికా వ్యాసంలో 8 కనిపించాయి. మీరు చదివేది ఒక వ్యాసాన్ని, సగటును కాదు.

రెండవది, దోషాలు లేకపోవడమే నాణ్యత కాదు. వికీపీడియా వ్యాసాల్లో కూర్పు సరిగా లేదని, గందరగోళంగా ఉన్నాయని పలువురు సమీక్షకులు అన్నారు. ఆ లోపం 162లో ఇమడదు.

మూడవది, సమీక్ష కూడా ఒక ఆధారమే. ‘నేచర్’ ప్రచురించినది వార్తా విభాగం తయారుచేసిన నివేదిక, పరిశోధన పత్రం కాదు. ‘వికీపీడియా బ్రిటానికాతో సమానమని శాస్త్రీయంగా రుజువైంది’ అని తరువాత చాలామంది రాశారు. ఆ నివేదిక అంత మాట అనలేదు.

6. విద్యార్థి చేయవలసినది

శాసనాన్ని, తాళపత్రాన్ని పరీక్షించే పద్ధతే ఇక్కడా పనికివస్తుంది. బాహ్య విమర్శలో పాఠం ఎవరిది, ఎప్పటిది అని అడుగుతాం. వికీపీడియాలో ప్రతి వ్యాసానికీ ‘చరిత్ర’ పుట ఉంటుంది. ఏ మార్పు ఏ రోజున ఏ వాడుకరి చేశారో అందులో నమోదై ఉంటుంది. రాజుల శాసనాలకు కూడా ఇంత వివరమైన దాఖలా దొరకదు. ‘చర్చ’ పుటలో రచయితల వాదోపవాదాలు కనిపిస్తాయి. అంతర్గత విమర్శలో చెప్పిన మాట నమ్మదగినదేనా అని అడుగుతాం. వ్యాసం చివర చూపిన ఆధారాన్ని తెరిచి, ఆ వాక్యం నిజంగా అక్కడ ఉందో లేదో చూడాలి. ఉదాహరించేటప్పుడు మీరు చూసిన తేదీని తప్పక రాయాలి, ఎందుకంటే రేపు ఆ పాఠం ఇలాగే ఉండకపోవచ్చు.

ఆ తొమ్మిది మందిలో ఒక్కరు పాఠ్యపుస్తకంలో సరిచూసుకున్నా తప్పు అక్కడే ఆగిపోయేది. రాసినవారి తప్పు రాసినవారిదే. సరిచూడకుండా సంతకం చేసిన తరువాత అది మనది కూడా.

సారాంశం

నిపుణుల ముందస్తు పరిశీలన స్థానంలో సమూహం చేసే నిరంతర సవరణను వికీపీడియా ప్రవేశపెట్టింది. దాని విజ్ఞానశాస్త్ర వ్యాసాలు కొట్టిపారేయదగినవి కావని 2005 సమీక్ష చూపింది. కళ్లు మూసుకొని నమ్మదగినవి కావనీ అదే సమీక్ష చూపింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నూపీడియాకు, వికీపీడియాకు పరిశీలన పద్ధతిలో గల తేడా ఏమిటి?
2. ‘నేచర్’ సమీక్షపై బ్రిటానికా అభ్యంతరాల్లో మీకు బలమైనదిగా తోచినది ఏది? ఎందుకు?
3. మీకు తెలిసిన విషయంపై ఒక వికీపీడియా వ్యాసాన్ని ఎంచుకొని, దాని ‘చరిత్ర’ పుట ఆధారంగా బాహ్య విమర్శ రాయండి.