సోనోపొరేషన్

గర్భిణులకు తీసే స్కానింగ్‌ను సోనోగ్రఫీ అంటారు. అందులోని ‘సోనో’యే సోనోపొరేషన్‌లోనూ ఉంది. లాటిన్‌లో ‘సోనుస్’ అంటే శబ్దం. మన భాషాశాస్త్ర పుస్తకాల్లో కనిపించే ‘స్వనం’ దానికి చుట్టమే. సంస్కృతం, లాటిన్ రెండూ ఒకే మూలభాష నుంచి వచ్చాయి. రెండో సగం గ్రీకు ‘పోరోస్’: దారి, దాటే చోటు. చర్మరంధ్రాన్ని ఇంగ్లిషులో ‘పోర్’ అనడం అక్కడి నుంచే.

పేరుకు తగ్గట్టే పని. ఎర్రరక్తకణమంత, లేదా అంతకన్నా చిన్న వాయుబుడగలను మందుతోపాటు రక్తంలోకి ఎక్కిస్తారు. అల్ట్రాసౌండ్ తగలగానే అవి ఉబ్బుతూ కుంచించుకుంటూ పక్కనున్న కణం పొరను ఒత్తుతాయి. తీవ్రత పెంచితే పగిలిపోతాయి. పొరకు చిల్లు పడుతుంది, మందు లోపలికి వెళ్తుంది, కొన్ని సెకన్లలోనో నిమిషాల్లోనో ఆ చిల్లు పూడుకుంటుంది. నాకు అన్నిటికన్నా అబ్బురం ఆ పూడుకోవడమే. అది జరక్కపోతే కణం బతకదు.

2015లో టొరంటోలోని సన్నీబ్రుక్ ఆసుపత్రి వైద్యులు ఇలాంటి బుడగలతోనే చాలా మందులను మెదడులోకి రానివ్వని రక్తనాళాల కట్టడిని కాసేపు సడలించి, కణితికి కీమో మందు చేరేలా చూశారు. అయితే అక్కడ ముఖ్యంగా సడలేవి కణాల మధ్య అతుకులు. సోనోపొరేషన్ అన్న పేరు దానికి పూర్తిగా అతకదు.