మన పాస్‌పోర్టు వెనుక ఒక రాజమండ్రి న్యాయమూర్తి

అమెరికా హైస్కూళ్ళలో చదువుకునే మన పిల్లలకి ఎర్ల్ వారెన్ పేరు పాఠాల్లో వస్తుంది. నల్లపిల్లలకీ తెల్లపిల్లలకీ వేరువేరు బడులు చెల్లవని 1954లో తీర్పు చెప్పిన సుప్రీంకోర్టుకి ఆయన ప్రధాన న్యాయమూర్తి. అదే సంవత్సరం జులై 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు మొదలైంది. దానికి మొదటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు. ఈ పేరు మన పిల్లల సంగతి అలా ఉంచి, మనలోనే చాలామందికి తెలియదు. వారెన్ గారు కాలిఫోర్నియా గవర్నరు పదవి నుంచి న్యాయపీఠం మీదికి వచ్చారు. సుబ్బారావు గారిది ఎదురుదారి. భారతదేశ ప్రధాన న్యాయమూర్తి పీఠం దిగి రాష్ట్రపతి ఎన్నికల్లో నిలబడ్డారు.

నేను న్యాయశాస్త్రం చదివినవాణ్ణి కాను. ఇంజనీరింగు చదివి, ప్రోగ్రాములు రాసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. అయినా ఆయన గురించి రాయాలనిపించడానికి కారణం ఉంది. మనం ఇండియా నుంచి విమానం ఎక్కినప్పుడు చేతిలో పట్టుకున్న పాస్‌పోర్టు ఒక హక్కుగా మారడం వెనుక ఆయన తీర్పు ఉంది.

సుబ్బారావు గారు 1902 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. మద్రాసులో లా చదివి అక్కడే ప్రాక్టీసు పెట్టారు. మధ్యలో కొన్నాళ్ళు బాపట్లలో జిల్లా మున్సిఫుగా పనిచేశారు. మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా, తెలుగు నాటక రచయితగా పేరు పొందిన పి.వి.రాజమన్నారు గారు ఆయనకి బావమరిది. 1948లో సుబ్బారావు గారు కూడా మద్రాసు హైకోర్టులో జడ్జి అయ్యారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక గుంటూరు హైకోర్టుకి, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక హైదరాబాదు హైకోర్టుకి ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నారు. 1958 జనవరిలో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 1966 జూన్ 30న దేశానికి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

పదవుల జాబితా ఇంతటితో ఆపుతాను. ఆయన గొప్పతనం పదవుల్లో కంటే తోటి న్యాయమూర్తులతో ఏకీభవించకుండా రాసిన తీర్పుల్లో ఎక్కువ కనిపిస్తుంది. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే మనిషిని దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేశాక కూడా పోలీసులు అతని పేర హిస్టరీ షీటు తెరిచి నిఘా పెట్టారు. అర్ధరాత్రి వచ్చి తలుపు కొట్టేవారు. ఎక్కడికి వెళ్తున్నాడో, ఎవరితో మాట్లాడుతున్నాడో ఆరా తీసేవారు. 1962లో సుప్రీంకోర్టు మెజారిటీ రాత్రిపూట ఇంటికి వెళ్ళడం మాత్రం తప్పని కొట్టేసింది. మిగతా నిఘా చెల్లుతుందని, గోప్యత అనే హక్కు మన రాజ్యాంగంలో లేదని అంది. సుబ్బారావు గారు ఒప్పుకోలేదు. జస్టిస్ షా ఆయనతో కలిశారు. గోప్యత అన్న మాట రాజ్యాంగంలో లేకపోయినా వ్యక్తిగత స్వేచ్ఛలో అది విడదీయలేని భాగమని, వెంటాడే నీడ ఉన్నంతకాలం మనిషి స్వేచ్ఛగా తిరిగినా అది స్వేచ్ఛ కాదని ఆయన వాదన. ఆరోజు అది ఓడిపోయిన వాదన. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కే అని తేల్చి, సుబ్బారావు గారు చెప్పిందే సరైనదని ఒప్పుకుంది. యాభై అయిదేళ్ళు పట్టింది.

1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసు తీర్పు వచ్చింది. పంజాబులో ఒక కుటుంబానికి ఉన్న భూమిలో పరిమితికి మించినదాన్ని ప్రభుత్వం తీసుకోబోతే పుట్టిన వివాదం అది. పదకొండుమంది జడ్జీల్లో ఆరుగురు ఒకవైపు, అయిదుగురు ఒకవైపు. ప్రాథమిక హక్కులను తగ్గించేలా రాజ్యాంగాన్ని సవరించే అధికారం పార్లమెంటుకి లేదని సుబ్బారావు గారి పక్షం చెప్పింది. అయితే అప్పటికే జరిగిన భూసంస్కరణలన్నీ రద్దయిపోతే దేశం అల్లకల్లోలం అవుతుంది కదా! అందుకని అమెరికా న్యాయస్థానాల నుంచి ఒక ఉపాయం తెచ్చుకున్నారు. ఈ సూత్రం ఇకమీదటికే వర్తిస్తుంది, పాత సవరణల జోలికి పోదు అన్నారు. మా వృత్తి భాషలో చెప్పాలంటే, కొత్త రూలు కొత్త రికార్డులకే, పాత డేటాని ముట్టుకోవద్దు అన్నట్టు.

ఇక పాస్‌పోర్టు సంగతి. ఆ రోజుల్లో పాస్‌పోర్టు ఇవ్వడం, ఇవ్వకపోవడం, ఇచ్చింది వెనక్కి తీసుకోవడం పూర్తిగా ప్రభుత్వం ఇష్టం. దానికంటూ ఒక చట్టం లేదు. సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వ్యాపారిని పాస్‌పోర్టులు తిరిగి ఇచ్చేయమని అధికారులు అడిగితే ఆయన కోర్టుకి వెళ్ళారు. 1967 ఏప్రిల్ 10న అయిదుగురిలో ముగ్గురి తరఫున సుబ్బారావు గారు తీర్పు రాశారు. విదేశానికి ప్రయాణం చేయడం కూడా 21వ అధికరణంలోని వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమే, చట్టం లేకుండా ఆ స్వేచ్ఛని లాక్కోవడానికి వీల్లేదు, ఒకరికి ఇచ్చి ఒకరికి కాదనడానికి అధికారి ఇష్టాయిష్టాలు ఆధారం కాకూడదు అని దాని సారాంశం. దాంతో ప్రభుత్వం అదే ఏడాది పాస్‌పోర్టుల చట్టం తేవలసి వచ్చింది. పాస్‌పోర్టు కాదంటే కారణం రాసిపెట్టాలి. దాని మీద అప్పీలుకి అవకాశం ఉండాలి. నేను పాస్‌పోర్టుకి దరఖాస్తు పెట్టుకున్న రోజుల్లో ఇదంతా మామూలు ఆఫీసు తతంగంగానే కనిపించింది. ఆ తతంగమే లేకపోతే ఎవరి దయ మీద ఆధారపడేవాళ్ళమో ఇప్పుడు అర్థమవుతోంది.

ఆ తీర్పు ఇచ్చిన మర్నాడు, ఏప్రిల్ 11న, ఆయన పదవికి రాజీనామా చేశారు. ఇంకో మూడు నెలలు ఆగితే ఎలాగూ రిటైరయ్యేవారు. కానీ ఫిబ్రవరి ఎన్నికల్లో కాంగ్రెసు చాలా రాష్ట్రాల్లో దెబ్బతింది. రాష్ట్రపతి పదవి గెలవవచ్చని ప్రతిపక్షాలకి ఆశ పుట్టింది. వాళ్ళ ఉమ్మడి అభ్యర్థిగా సుబ్బారావు గారు నిలబడ్డారు. మే 6న పోలింగు జరిగింది. జాకీర్ హుస్సేన్ గారికి 4,71,244 ఓట్ల విలువ, సుబ్బారావు గారికి 3,63,971 వచ్చాయి.

ఇలా చేయవచ్చా? అమెరికాలోనూ ఇలాంటిది ఒకటి జరిగింది. సుప్రీంకోర్టు జడ్జి చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ 1916లో రాజీనామా చేసి అధ్యక్ష పదవికి పోటీ చేశారు. ఉడ్రో విల్సన్ చేతిలో కొద్దిలో ఓడిపోయారు. తర్వాత విదేశాంగ మంత్రి అయ్యారు, 1930లో ప్రధాన న్యాయమూర్తిగా మళ్ళీ కోర్టుకి వచ్చారు. సుబ్బారావు గారికి అలాంటి రెండో అవకాశం లేదు.

నా మట్టుకు నాకు ఆ రాజీనామా నచ్చదు. ఆయనకి పదవీకాంక్ష ఉందని నేననను. రాజ్యాంగాన్ని కాపాడడానికి రాష్ట్రపతి భవనం కూడా ఒక చోటే అని ఆయన నమ్మి ఉండవచ్చు. కానీ గోలక్‌నాథ్ తీర్పు ఇచ్చిన ఆరు వారాలకే ప్రతిపక్షాల అభ్యర్థి అయితే, ఆ తీర్పుని ఇష్టపడనివాళ్ళకి వేలెత్తి చూపే అవకాశం దొరికింది. న్యాయమూర్తి మాటకి బలం ఆయనకి ఏ పక్షమూ లేదన్న నమ్మకంలోనే ఉంది. పీఠం దిగిన మర్నాడే ఒక పక్షంలో కనిపిస్తే, నిన్నటి తీర్పు మీద కూడా నీడ పడుతుంది.

అలాగని ఆ నీడని బట్టి ఆయన తీర్పుల్ని కొలవడం కూడా న్యాయం కాదు. గోలక్‌నాథ్ సూత్రాన్ని 1973లో కేశవానంద భారతి కేసులో పక్కన పెట్టారు. కానీ పార్లమెంటు అధికారానికి ఎక్కడో ఒక హద్దు ఉండాలన్న ఆయన పట్టుదల, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చకూడదన్న రూపంలో నిలిచింది. ఎమర్జెన్సీ రోజుల్లో, 1976 ఏప్రిల్ 28న, అక్రమంగా నిర్బంధించినా పౌరుడు కోర్టుకి వెళ్ళలేడని సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు చెప్పింది. ఆ తర్వాత వారం తిరిగేసరికి, మే 6న, సుబ్బారావు గారు కన్నుమూశారు. 1978లో మేనకా గాంధీ పాస్‌పోర్టు కేసులో సుప్రీంకోర్టు 21వ అధికరణాన్ని మళ్ళీ విశాలం చేసింది. సత్వంత్ సింగ్ కేసు వేసిన పునాది మీదే అది నిలబడింది.

మన పిల్లలకి వారెన్ గురించి పాఠం వచ్చినప్పుడు, పక్కనే సుబ్బారావు గారి పేరు కూడా చెబుదాం. మన ఇంట్లో బీరువాలో ఉన్న పాత ఇండియన్ పాస్‌పోర్టు తీసి చూపిస్తూ చెబితే వాళ్ళకి ఇంకా బాగా గుర్తుంటుంది.